గొంతులు సమానం చేశాక

"పెట్టెను తీసుకెళ్ళి వెనక వరండాలో పడేశారా? ఈ చలిలో?"

బుషా మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది. పైవాటాలోంచి కింది వాటాలోకి రావాలంటే ఆమెకు వెనక మెట్లే దారి. వరండా దాటి రావాలి. అక్కడ దుప్పటి కప్పుకుని కూర్చున్న పాత స్టీరియో పెట్టె కంటపడకుండా రావడం కుదరదు.

"వరండాకి అద్దాలున్నాయి కదా బుషా," అంది డెల్ఫిన్, రొట్టెలు కోస్తూ. చర్చికి వేసుకెళ్ళిన గౌను కూడా ఆమె ఇంకా మార్చుకోలేదు.

"అద్దాలుంటే చలి ఆగుతుందా? చెక్క పగిలిపోతుంది. మీ పదో పెళ్ళిరోజుకి నేను కొనిచ్చింది. దాని మీద పోప్ గారి పటం ఉండాలి. అదెక్కడ?"

"టీవీ మీద పెట్టాను."

"టీవీ మీద పోప్ గారు!" బుషా గసగసాల కేకును బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. "బాగుంది. బాక్సింగ్ చూసేటప్పుడు ఆయన కూడా చూస్తాడు."

డెల్ఫిన్ కూతురు జోన్‌కి మాటలు వచ్చిన దగ్గర్నుంచి అత్తగారు స్టెల్లా, ఇంట్లో అందరికీ బుషాయే. పోలిష్ వాళ్ళు నానమ్మని అలా పిలుస్తారు. జోన్ పెళ్ళై గ్రీన్ బే వెళ్ళిపోయినా పిలుపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

మరో రోజైతే డెల్ఫిన్ నవ్వేది. ఇవాళ ఆమెకు నవ్వడానికి ఓపిక లేదు. పోట్లాడడానికీ లేదు. మంచం కింద సర్దిన సూట్‌కేసు ఉంది. భోజనాలయ్యాక అక్క లొరైన్ కారు తీసుకుని వస్తుంది. రసీన్‌లో లొరైన్ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఈ సంగతి బుషాకి తెలియదు.

భర్త జీన్‌కి తెలుసు. తెలియాలి మరి. బుధవారం సాయంత్రం గిన్నెలు కడుగుతూ డెల్ఫిన్ చెప్పింది. "నేనున్నా లేకున్నా నీకొకటే అయితే ఆ మాటే చెప్పు జీన్. ఆదివారం లొరైన్‌తో రసీన్ వెళ్ళిపోతాను." బల్ల దగ్గర కూర్చున్న మనిషి పలకలేదు. కొంతసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. ముందు గదిలో టీవీ మోగింది. అంతే.

రెండేళ్ళుగా అంతే. అడిగితే జవాబుండదు, చెబితే ఊ కొట్టడు. పెళ్ళిళ్ళకి రమ్మంటే రాడు. శుక్రవారం చేపల విందుకి పదిమంది కూర్చునే చోటికి వెళ్దామంటే తలనొప్పి అంటాడు. ఇలాంటి మనిషి మొన్న శుక్రవారం ఏం చేశాడంటే, పని దిగి నేరుగా నేషనల్ అవెన్యూలో హాస్ కొట్టుకి వెళ్ళాడు. ఒకటి కాదు, రెండు జతల స్పీకర్లు వేసుకుని ఇంటికొచ్చాడు. సోమవారం దాకా ఇంట్లో పెట్టుకుని విని, నచ్చిన జత ఉంచుకోవచ్చట.

ఇల్లు విడిచి వెళ్తానన్న పెళ్ళానికి ఎవరైనా చెప్పే జవాబేనా ఇది?

ముందు గదిలోంచి పాట ఒక్కసారిగా పెద్దదైంది. అల్మరాలో కప్పులు వణికాయి.

"జీన్!" అని అరిచింది బుషా. పలుకు లేదు. ఆమె కూర్చున్న చోటి నుంచే మడమతో నేలను రెండుసార్లు గట్టిగా తన్నింది.

పాట తగ్గింది. "ఏంటమ్మా?" అని గొంతు వచ్చింది.

డెల్ఫిన్ కత్తి కింద పెట్టేసింది. తల్లి కాలు కదిపితే పలుకుతాడు. పెళ్ళాం నోరు కదిపితే పలకడు.

*

ముందు గదిలో నడవడానికి చోటు లేదు. సోఫాను వెనక్కి నెట్టేశాడు. గోడకి ఆనించకూడదని హాస్ చెప్పాడట, అందుకని నాలుగు స్పీకర్లూ గది మధ్యకి వచ్చి పోలీసుల్లా నిలబడ్డాయి. లోపలివైపు రెండూ వాల్‌నట్ చెక్కవి, పొట్టిగా, బొద్దుగా ఉన్నాయి. బయటివైపు రెండూ నల్లవి, సన్నగా ఎత్తుగా ఉన్నాయి. ఆంప్లిఫైయర్, రికార్డులు తిప్పే పళ్ళెం కిందటి నెలే వచ్చాయి. ఆంప్లిఫైయర్ మీద ఒక చిన్న మీట ఉంది. ఇటు తిప్పితే వాల్‌నట్ జత మోగుతుంది, అటు తిప్పితే నల్ల జత.

"ఇవే," అన్నాడు జీన్, నల్లవాటి మీద చెయ్యి వేసి. అతని మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. "ఇదిగో, మాట మాటా తెలుస్తోంది. అవతలి జత నోటికి గుడ్డ కట్టుకుని పాడినట్టుంది. అచ్చం ఆ పాత పెట్టెలాగే."

"పాత పెట్టెకేం వచ్చింది?" అంది గుమ్మంలోంచి బుషా.

"ముసలిదైపోయిందమ్మా. గొంతు పోయింది."

"ముసలిదైతే మంచులో పడేస్తారా? నన్నెప్పుడు పడేస్తున్నావు?"

"నీ గొంతు ఇంకా పోలేదుగా."

బుషా నవ్వాపుకుంది. జీన్ మీట తిప్పి నల్లజతను మళ్ళీ పెంచాడు. ఆమె రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. "యేసు మరియా! మేకుల డబ్బా మెట్ల మీంచి దొర్లినట్టుంది. రోజంతా ఆ కార్ఖానాలో సుత్తి మోత చాలక ఇంటికీ తెచ్చుకున్నావా?"

"నీకేం తెలుసు! రేడియోలో జపమాల తప్ప ఇంకేం వింటావు?"

"జపమాలే అయినా మనిషి గొంతులా ఉంటుంది."

"నాకూ పళ్ళు జివ్వుమంటున్నాయి," అంది డెల్ఫిన్. "ఆ పాడే పిల్ల 'స' అన్నప్పుడల్లా సూది గుచ్చినట్టుంది. వాల్‌నట్ జతలో అయితే ఇక్కడే, ఈ గదిలో నిలబడి పాడుతున్నట్టుంది."

"నీకు అలాగే అనిపిస్తుంది. నేను తెచ్చింది ఎప్పుడు నచ్చింది నీకు?"

"నన్నడిగి ఎప్పుడు తెచ్చావు?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

"అడిగి, నువ్వే చెప్పేసుకుంటున్నావు." ఆమె వంగి, తివాచీ మీద అడ్డంగా పడిన తీగను పక్కకి జరిపింది. జరుపుతూనే తివాచీతో చెబుతున్నట్టు మెల్లగా అంది. "ఇంతకీ ఎవరి కోసం? రేపటి నుంచి ఈ ఇంట్లో ఎవరుంటారని?"

జీన్ రికార్డు తొడుగు తిరగేసి చూసుకుంటూనే ఉన్నాడు.

బుషా మాత్రం కోడలి వైపు చురుగ్గా చూసింది.

డెల్ఫిన్ లేచి నిలబడింది. నడుము నొప్పిగా ఉంది. ఇక వదిలేద్దామనుకుంది. సుత్తి జట్టుకి పెద్ద అతను. ఎర్రగా కాల్చిన ఇనుమును సాగగొట్టే వాళ్ళ ఫోర్జ్ షాపులో అతను చెయ్యెత్తితే ఆరుగురు ఆగుతారు. ఇక్కడా తనే గెలవనీ. కానీ ఆమెకు ఒక్కటి గుర్తొచ్చింది. ఆ ఒక్కటైనా న్యాయంగా జరగాలనిపించింది.

"నిన్న హాస్ ఫోన్ చేశాడు," అంది అతని ఎదురుగా వచ్చి. ఫోన్ ఎప్పుడూ ఆమే ఎత్తాలి. జీన్ ఎత్తడు. "ఏమన్నాడో చెప్పానుగా. శబ్దం మీట ఒకేచోట ఉంచి రెండూ వినకూడదట. నల్లవి సహజంగానే పెద్దగా మోగుతాయట. పెద్దగా మోగేదే బాగుందని ఎవరికైనా అనిపిస్తుందట. ముందు రెండింటి గొంతూ సమానం చెయ్యాలి. అప్పుడు తేల్చుకోవాలి."

"పెద్దగా మోగేదే బాగుందని అనిపించడం," అంది బుషా, "ఈ ఇంట్లో కొత్తా?"

"సరే, చెయ్యి," అన్నాడు జీన్. "చేసి చూడు. అయినా నేను నల్లవే పట్టుకుంటాను. కళ్ళు మూసుకుని పట్టుకుంటాను."

*

గొంతులు సమానం చెయ్యడం డెల్ఫిన్‌కి కష్టం కాలేదు. చర్చి గాయక బృందంలో ఆమె ఇరవై ఏళ్ళుగా కింది గొంతు పాడుతోంది. పక్కవాళ్ళని మించకుండా, వాళ్ళ వెనక పడకుండా పాడడమే ఆ పని. వాల్‌నట్ జత పెట్టి వింది. నల్లజతకి మార్చి, శబ్దం మీట తగ్గించి, మళ్ళీ వింది. ఏ జతకి ఆ మీట ఎక్కడ నిలవాలో తెలిశాక రెండుచోట్లా చిన్న జిగురు కాగితం ముక్కలు అంటించింది. అది మామూలుగా మనుషులు మాట్లాడుకునేంత గొంతు.

"మరీ ఇంత చిన్నగానా?" అన్నాడు జీన్.

"ఇంట్లో వినేది ఇంతేగా. బుషా పైన పడుకోవద్దా?"

అతను సోఫా మధ్యలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పెద్ద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆంప్లిఫైయర్ సోఫా వెనకున్న బల్ల మీద ఉంది. డెల్ఫిన్ అతని వెనక్కి వెళ్ళి నిలబడింది. రికార్డు మార్చింది. గాయక బృందంలో ఒకామె ఇచ్చింది అది. పియానో, వయొలిన్. మాటల్లేవు.

పియానో మొదలైంది. ఆమె జత మార్చి, శబ్దం మీటను కాగితం గుర్తు దగ్గరికి తిప్పింది.

"మార్చినప్పుడు చెప్పు," అంది.

జీన్ అలాగే కూర్చున్నాడు.

మళ్ళీ తిప్పింది. వాల్‌నట్ జతలో పియానో గుండ్రంగా, వెచ్చగా ఉంది. నల్లజతలో అదే పియానోకి గోళ్ళు మొలిచాయి. తేడా బుషాకి కూడా తెలుస్తోంది. గుమ్మంలో నిలబడి వేలితో అటూ ఇటూ చూపిస్తోంది. డెల్ఫిన్ మళ్ళీ తిప్పింది, మళ్ళీ తిప్పింది.

"ఇంకా మార్చలేదేంటి డెల్? మార్చు," అన్నాడు జీన్, కళ్ళు తెరవకుండా.

అతను ఆటపట్టిస్తున్నాడేమోనని ఆమె వంగి మొహం చూసింది. పక్కనుంచి కనిపించినంతలో అది ఆట కాదు. కనుబొమలు ముడిచి, పరీక్షలో కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

పియానో ఆగింది. వయొలిన్ ఒక్కటే మిగిలింది. అది మెల్లగా పైకి, ఇంకా పైకి పోయి, దారమంత సన్నగా అయి, గది పైకప్పు దగ్గర తిరుగుతోంది. బుషా ఊపిరి బిగబట్టింది. డెల్ఫిన్ ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

జీన్ మోకాళ్ళ మీంచి చేతులు తీశాడు.

"అయిపోయిందిగా," అన్నాడు. "సరే. మొదటిది నల్లది. అవునా?"

వయొలిన్ మోగుతూనే ఉంది.

"అయిపోలేదు జీన్," అంది డెల్ఫిన్.

అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు కూడా ఉంది, గెలిచినవాడిది.

"జీన్. ఇంకా మోగుతోంది."

నవ్వు కదల్లేదు.

"జీన్," అందామె మూడోసారి. ఈసారి పిలవడానికి కాదు. ఆమె గొంతులోంచి అదంతట అదే వచ్చింది.

బుషా గదిలోకి వచ్చి, కోడలి మోచెయ్యి పట్టుకుని, వంటగదిలోకి నడిపించింది.

*

"ఎందుకలా చూస్తావు? నీకు తెలియదా?" అంది బుషా మెల్లగా.

"ఏం తెలియాలి?"

"వాడి నాన్నకీ అంతే. వాడి పెదనాన్నకీ అంతే. ఆ సుత్తుల దగ్గర పనిచేసినవాడికి ఎవడికి మిగిలాయి చెవులు? చెవుల్లో దూది కుక్కుకుని చేతులతో మాట్లాడుకుంటారు. ఒకడి పెదాలు ఒకడు చూసి అర్థం చేసుకుంటారు. ఇంటికొచ్చినా అంతే. నేను మా ఆయనతో మాట్లాడే ముందు చొక్కా చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. ఆయన ఇటు తిరిగాక అప్పుడు తిట్టేదాన్ని. ముందే తిడితే వృథా కదా!"

డెల్ఫిన్ నవ్వలేదు.

"పైనుంచి నేలను చీపురుకర్రతో ఎందుకు పొడుస్తాననుకున్నావు? పొగరా? నేల అదిరితే వాడికి తెలుస్తుంది. పిలిస్తే తెలియదు."

"మీరెప్పుడైనా చెప్పారా నాకు?"

"చెప్పేదేముంది? ఫోర్జ్ వాడి పెళ్ళానివి. నీకు తెలిసే ఊరుకుంటున్నావనుకున్నా. వాడి పరువు కాపాడుతున్నావనుకున్నా." బుషా ఆగి కోడలి మొహం చూసింది. గొంతు మారింది. "మరి నువ్వేమనుకున్నావు ఇన్నాళ్ళూ?"

డెల్ఫిన్ కుళాయి పక్కన కుర్చీలో కూర్చుంది. ఏమనుకుంది? తన మొహం చూసి విసుగెత్తిందనుకుంది. ఇంకెవరో ఉన్నారని కూడా ఒక చలికాలమంతా అనుకుంది. అన్ని మాటలు, అన్ని ఏడుపులు. గిన్నెలు కడుగుతూ, ఉతికిన బట్టలు మడుస్తూ, ఎప్పుడూ మొహం పక్కకి తిప్పుకునే అంది. కోపమొచ్చినప్పుడు అతని మొహం చూడడం ఆమెకు ఇష్టం ఉండదు. అలా మొహం తిప్పుకుని రెండేళ్ళు ఒక్కతే పోట్లాడింది.

సంతోషం కలగాలి కదా అనుకుంది. కలగలేదు. దూరం నడిచాక దారి తప్పావని ఎవరో చెప్పినట్టుంది.

"వెళ్ళు," అంది బుషా. "నేను పైకి పోతున్నా. మాంసం చల్లారితే చల్లారింది." వరండా తలుపు దగ్గర ఆగింది. "ఇందాక తివాచీతో ఏదో అన్నావు. రేపటి నుంచి ఎవరుంటారని. ఆ మాట నాకు వినిపించింది. నా చెవులు బాగానే పనిచేస్తాయి."

తలుపు మూసుకుంది.

*

జీన్ కళ్ళు తెరిచి ఉన్నాడు. రికార్డు నిజంగానే అయిపోయింది. సూది మధ్యలో గీసుకుంటోంది.

డెల్ఫిన్ ఎదురుగా వచ్చి, తివాచీ మీద కూర్చుని, అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పాతికేళ్ళకి పైగా కాపురం చేసి అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి. జీన్ ఆమె చేతిని చూశాడు. అతని మొహంలో రంగు మారింది. తండ్రిని తల్లి అలా పట్టుకోవడం అతను చూస్తూ పెరిగాడు.

"అమ్మ చెప్పిందా?"

"నువ్వు చెప్పి ఉండాల్సింది."

"ఏం చెప్పాలి? నాకే తెలియదు." అతను స్పీకర్ల వైపు చూశాడు. "ముందు పెట్టె పాడైందనుకున్నా. తర్వాత టీవీ. తర్వాత నువ్వు గొణుగుతున్నావనుకున్నా, కావాలని. అందరూ గొణుగుతున్నారనుకున్నా. మంచి స్పీకర్లు తెస్తే అన్నీ మళ్ళీ బాగుంటాయనుకున్నా."

"డాక్టర్‌కి చూపించుకోవచ్చుగా."

"చూపిస్తే షాపులో తెలుస్తుంది. సుత్తి దగ్గర్నుంచి తీసేస్తారు. యార్డులో చీపురు ఇస్తారు. నాన్నకి ఇచ్చారుగా."

కాగితం ముక్కలంటించిన మీట మీద ఎండ పడుతోంది.

బుధవారం మాట ఇతనికి చేరలేదు, అనుకుంది డెల్ఫిన్. చేరని మాటను వెనక్కి తీసుకోవక్కర్లేదు. సూట్‌కేసు విప్పేసుకోవచ్చు. లొరైన్‌కి కేకు పెట్టి పంపించేయొచ్చు. అంత తేలిక. కానీ దాచుకుని బతకడానికి కూడా ఓపిక ఉండాలి. అది ఆమె దగ్గర లేదు.

"బుధవారం నేను గిన్నెలు కడుగుతూ ఒకటన్నాను," అంది, ఒక్కో మాటా విడదీసి. "నీకు వినిపించలేదు. అది..."

"అది తెలుసు."

"ఎలా తెలుసు? కుళాయి కూడా పారుతోంది."

"వినలేదు. చూశాను." జీన్ కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. "బయట చీకటి పడిందిగా. కిటికీ అద్దంలో నీ మొహం కనిపిస్తోంది. రసీన్ అన్నావు. లొరైన్ అన్నావు. ఆదివారం అన్నావు."

డెల్ఫిన్ చెయ్యి అతని చొక్కా మీంచి జారింది.

"మరి ఒక్క మాటైనా అనలేదే?"

"సరిగ్గా చదివానో లేదో నాకు తెలియదు. ఇటు తిరిగి ఇంకోసారి అంటావేమోనని కూర్చున్నా. నువ్వు తిరగలేదు. తిరిగి అంటే ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. లేచి వెళ్ళిపోయా."

"వెళ్ళి స్పీకర్లు తెచ్చావు."

"ఇంకేం తేవాలో తెలియలేదు."

ఏడుపొస్తుందనుకుంది డెల్ఫిన్. రాలేదు.

"రేపు హాస్‌కి చెప్పాలి," అన్నాడు జీన్. "నువ్వుంటే, నువ్వు చెప్పిన జత ఉంచుతా. వాల్‌నట్‌వే అయినా సరే. లేకపోతే రెండూ తిరిగిచ్చేస్తా. నాకు రెండూ ఒకటేనని ఇందాక తేలిపోయిందిగా. ఏ జత, డెల్? నా వైపు చూసి చెప్పు."

బయట కారు హారన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. లొరైన్.

డెల్ఫిన్ తల కిటికీ వైపు తిరగబోయి ఆగింది. జీన్‌కి ఏమీ వినిపించలేదు. అతను ముందుకు వంగి, ఆమె పెదాల వైపే చూస్తూ కూర్చున్నాడు.